ఖాళీ లైను చూసి మురిసిన ఆదివారం

సర్వరు అద్దెకు తీసుకోబోయే కుర్రాళ్లు ఎవరైనా నా దగ్గరికి సలహాకి వస్తే, వాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఒకటే. "పోర్టు ఎంత స్పీడుదైతే మంచిదండీ?" అని. ఆ ప్రశ్న విన్నప్పుడల్లా నాకు నవ్వొస్తుంది, వెంటనే కాస్త సిగ్గూ వేస్తుంది. ఒకప్పుడు ఎవరూ అడక్కుండానే దానికి జవాబు చెప్పేవాణ్ణి, అదీ గొంతు పెంచి. అలా చెప్పి ఒక అమ్మాయి ఉద్యోగం ఊడగొట్టబోయాను. చివరికి అంతా మంచే జరిగింది, కంగారు పడకండి. అయినా నేను చేసిన తెలివితక్కువ పని మాత్రం ఉన్నదున్నట్టు చెప్పాలి. పెద్దవాళ్లు తమ విజయాలు చెప్పి చెప్పి మీ చెవులు హోరెత్తించి ఉంటారు కదా, ఒక పొరపాటు కూడా వినండి.

ముప్పై ఏళ్ల పైచిలుకు టెలిఫోన్ శాఖలో పనిచేశాను. స్తంభాలెక్కాను, గోతుల్లో దిగి కేబుళ్లు అతికించాను, వర్షంలో గొడుగు పట్టుకుని లైను తప్పు ఎక్కడుందో వెతికాను. రిటైరయ్యాక ఆర్నెల్లు ఇంట్లో కూర్చునేసరికి మా ఆవిడకి నేనంటే, నాకు ఇల్లంటే విసుగు పుట్టింది. విజయవాడలో ఒక కోచింగ్ కాలేజీ హెడ్డాఫీసులో చేరిపోయాను. కాలేజీ పేరు చెప్పను. మా ఊళ్లో అవి వీధికి నాలుగు, మీకు నచ్చినది ఊహించుకోండి. ఉయ్యూరు, గుడివాడ, హనుమాన్ జంక్షన్, ఇంకా చుట్టుపక్కల చాలా ఊళ్లలో దానికి బ్రాంచీలున్నాయి. అన్నిచోట్లా ఇంటర్నెట్ లైన్లు చూసుకోవడం నా పని. అక్కడ నన్నందరూ లైను సార్ అనేవారు. ఆ పిలుపు నాకు భలే ఇష్టంగా ఉండేది.

ఆ ఏడాది ఆదివారం పరీక్షలు కాగితం మీద మానేసి కంప్యూటర్ మీద పెట్టాలని మా ఛైర్మన్ గారు నిర్ణయించారు. అందుకు కావలసిన ప్రోగ్రాం మొత్తం ఒకే ఒక్క అమ్మాయి రాసింది. బందరు పిల్ల. వాళ్ల నాన్నగారిది చేపల వ్యాపారం. రేవులో బేరాల మధ్య పెరిగింది కాబోలు, మాట సూటిగా ఉండేది. నాలాంటి పెద్దవాళ్లకి ఆ సూటిదనం మొదట్లో మింగుడు పడలేదు. ఏడాది పాటు పక్కకి చూడకుండా ఆ ప్రోగ్రాం రాసి, ఇక దాన్ని నడపడానికి ఒక సర్వరు కావాలంది.

సర్వరంటే మా ఆఫీసులో ఉండే పెట్టె కాదు. ఎక్కడో సముద్రాల అవతల, వరసగా మెషీన్లు పేర్చిన ఒక భవనంలో ఉంటుంది. మనం అద్దె కట్టి ఇక్కణ్ణించి నడుపుకుంటాం. ఒకే అద్దెకి రెండు రకాలు దొరికాయి. మొదటిదానికి ప్రాసెసర్ గట్టిది, మెమరీ ఎక్కువ, పోర్టు మాత్రం మామూలుది. పోర్టంటే మెషీన్‌లోంచి డేటా బయటికొచ్చే గుమ్మం అనుకోండి. రెండోది బక్క మెషీన్. పాత ప్రాసెసర్, చాలీచాలని మెమరీ. కానీ గుమ్మం మాత్రం మొదటిదానికి పదింతలు. దాని వేగం సెకనుకి పది గిగాబిట్లని ప్రకటనలో పెద్ద పెద్ద అక్షరాలతో వేశారు.

"మొదటిదే తీసుకుందామండీ. పోర్టు మామూలుదైనా ఫర్లేదు, మెషీన్‌లో సత్తువుండాలి," అంది అమ్మాయి.

"నువ్వు పుట్టకముందు నుంచీ లైన్లు లాగుతున్నానమ్మా. లైను బాగుంటే అన్నీ బాగుంటాయి."

"లైను సంగతి కాదు సార్ నేను చెప్పేది. పిల్లలందరూ ఒకేసారి నొక్కితే ప్రాసెసర్ ఏమైపోవాలి?"

"పది గిగాబిట్లు అమ్మాయ్! పది!" అని రెండు చేతుల వేళ్లూ చాపి చూపించాను.

ఛైర్మన్ గారు ఉయ్యూరు వైపు రైతు కుటుంబం నుంచి వచ్చిన మనిషి. ఆయనకి సర్వర్ల గొడవ తెలియదు గానీ తల నెరిసినవాడి మాటంటే గౌరవం. "పెద్దాయన చెబుతున్నారు కదమ్మా, అలాగే కానివ్వండి," అనేశారు. ఏడాదికి ఒప్పందం అయిపోయింది. ఆ అమ్మాయి తన బల్ల దగ్గరికి వెళ్లిపోయింది. నేనేమో గెలిచానని వీధి చివర కాఫీ తాగి వచ్చాను.

ఇక్కడ మీకు మా కాలేజీల్లో బెల్లు సంగతి చెప్పాలి. పిల్లలు నిద్ర లేవడం బెల్లుతో, స్నానం బెల్లుతో, టిఫిన్ బెల్లుతో. ఆదివారం పరీక్ష కూడా అంతే. పావుతక్కువ తొమ్మిదికల్లా అన్ని బ్రాంచీల్లోనూ పిల్లలు కంప్యూటర్ల ముందు చేతులు కట్టుకుని కూర్చుంటారు. బెల్లు కొట్టకముందు మౌస్ మీద చెయ్యి వేస్తే ఇన్‌ఛార్జి ఊరుకోడు. సరిగ్గా తొమ్మిదింటికి బెల్లు, "స్టార్ట్" అని ఒక కేక, అందరి వేళ్లూ ఒక్క సెకనులో దిగుతాయి. లోకంలో ఏ వెబ్‌సైటుకైనా జనం ముందూ వెనకా వస్తారు. మా పిల్లలు మాత్రం అలా రారు. వాళ్లని అలా రాకుండా ఏళ్ల తరబడి మేమే తీర్చిదిద్దాం. దానికి తోడు పక్కవాడిది చూసి రాయకుండా ఒక్కొక్కరికీ ప్రశ్నల వరస మార్చి, అప్పటికప్పుడు పేపరు కూర్చి ఇవ్వాలి. ఆ పనంతా ఆ బక్క మెషీన్ నెత్తినే.

మొదటి ఆదివారం వచ్చింది. హెడ్డాఫీసులో ఛైర్మన్ గారి గదిలో పెద్ద బల్ల చుట్టూ కూర్చున్నాం. ఛైర్మన్ గారు, పరీక్షల విభాగం మాస్టారు, ఆ అమ్మాయి, నేను. బల్ల మధ్యలో స్పీకరు ఫోను, అందులో అన్ని బ్రాంచీల ఇన్‌ఛార్జిలూ. తొమ్మిదయింది. బెల్లు ఫోనులో కూడా వినిపించింది. ఆపైన ఉయ్యూరు మొదలుపెట్టింది.

"తెల్ల స్క్రీన్ వస్తందండీ. ఏదో తిరుగుతా ఉంది."

"గుడివాడండీ, మాకూ అంతే."

"హనుమాన్ జంక్షన్ నుంచండీ. మా పిల్లలు మళ్లీ మళ్లీ నొక్కుతున్నారు. ఆపమంటారా, నొక్కమంటారా?"

నేను గబగబా నా స్క్రీన్ చూసుకున్నాను. పోర్టులోంచి ఎంత డేటా పోతోందో చూపించే గీత అందులో ఉంటుంది. ఆ గీత నేలకి అంటుకుని నిశ్చింతగా పడుకుని ఉంది. నా ప్రాణం లేచొచ్చింది. లైను కిటకిటలాడటం లేదు, ఎక్కడా తెగలేదు, నా తప్పేమీ లేదు. స్పీకరు ఫోను వైపు వంగి, అన్ని బ్రాంచీలకీ వినపడేలా అన్నాను:

"సార్, లైను బ్రహ్మాండంగా ఉంది. నూటికి ఒక వంతు కూడా నిండలేదు. లోపం ప్రోగ్రాంలో ఉంది."

ఆ అమ్మాయి తల తిప్పి నా వైపు చూసింది. "ఆ మాట అనేముందు ఒక్కసారి నా స్క్రీన్ చూడండి సార్," అంది. గొంతు పెద్దగా లేదు. నేను చూడలేదు. చూడవలసిన అవసరం నాకు కనిపించలేదు. నా గీత నా కళ్ల ముందుంది కదా.

పది గంటలకి పరీక్ష రద్దు చేశారు. తల్లిదండ్రుల ఫోన్లు సాయంత్రం దాకా మోగుతూనే ఉన్నాయి. పరీక్షల పని అప్పజెప్పడానికి ఛైర్మన్ గారు మర్నాటికల్లా హైదరాబాద్ కంపెనీ ఒకదానితో మాట్లాడేశారు, ఆ అమ్మాయిని ఉద్యోగంలోంచి తీసేస్తున్నట్టు ఉత్తరం కూడా టైపు చేయించారు. ఏడాది పని ఒక్క గంటలో పోయింది. విజయవాడలో కాలేజీలన్నీ ఒకదాని సంగతి ఒకదానికి తెలుసు. ఆదివారం పరీక్ష పాడుచేసిన పిల్ల అని పేరు పడితే, ఈ ఊళ్లో ఆమెని ఇంకెవరూ గుమ్మం ఎక్కనివ్వరు.

సోమవారం ఆ అమ్మాయి తన పని అప్పగించడానికి కాగితాలు తయారుచేసి నా బల్ల మీద ఒక కట్ట పెట్టింది. "హైదరాబాద్ వాళ్లొచ్చేదాకా మీ దగ్గరుంచమన్నారండీ," అని చెప్పి వెళ్లిపోయింది. మధ్యాహ్నం బెంజి సర్కిల్ దగ్గర బ్రాంచికి వెళుతూ, సిటీ బస్సులో పొద్దుపోక ఆ కట్ట విప్పాను.

ఆదివారం ఉదయం తొమ్మిది నుంచి పది దాకా మెషీన్ లోపల ఏం జరిగిందో నిమిషానికొక వరస రాసి పెట్టింది. తొమ్మిది దాటిన మొదటి నిమిషంలోనే ప్రాసెసర్ పూర్తిగా నిండిపోయింది. మూడో నిమిషానికి మెమరీ అయిపోయింది. పేపర్లు కూర్చలేక మెషీన్ చతికిలపడింది. చివరి గడిలో పోర్టు వాడకం. అది దాదాపు సున్నా. పక్కన ఒక్క మాట రాసింది: బయటికి పంపడానికి ఏమీ తయారు కాలేదు.

ఆ వాక్యం రెండుసార్లు చదివాను. నా గీత ఖాళీగా ఉంది లైను బాగుండి కాదు, లైనులో పెట్టడానికి మెషీన్ దగ్గర సరుకు లేక. ఇంకా సిగ్గుపడాల్సిన సంగతేమిటంటే, అది నాకు తెలియని విషయం కాదు. తుఫాను వచ్చిన రోజుల్లో ఊళ్లో అందరూ ఒకేసారి ఫోను ఎత్తేవారు. తీగలన్నీ క్షేమంగా ఉన్నా డయల్ టోన్ వచ్చేది కాదు. లైను చచ్చిపోయిందని జనం నన్ను తిట్టేవారు. లైను బాగానే ఉందండీ, ఎక్స్ఛేంజి ఒకేసారి ఇంతమందికి జవాబు చెప్పలేదండీ అని వందసార్లు, వెయ్యిసార్లు చెప్పాను. తీరా ఆ మాట నాకు నేను చెప్పుకోవలసిన రోజున, మరిచిపోయి ఒక ఆడపిల్ల మీదకి తోసేశాను.

తర్వాతి స్టాపులో దిగి, ఎదురుగా వచ్చిన ఆటో ఎక్కి హెడ్డాఫీసుకి తిరిగొచ్చాను. నేరుగా ఛైర్మన్ గారి గదిలోకి వెళ్లి జరిగింది చెప్పాను. ఆయన నన్ను తేరిపార చూశారు.

"అంటే పెద్దాయనా, ఆ పిల్ల అడిగిన సర్వరు వద్దన్నది మీరు. తీసుకున్నది మీరు చెప్పింది. తప్పు పిల్లదన్నదీ మీరే."

"అవునండీ."

"ఇప్పుడు నన్నేం చెయ్యమంటారు? ఏడాది ఒప్పందం. ఇంకోటి తీసుకోమన్నారంటే మాత్రం ఊరుకోను."

"ఈ ఒక్క ఆదివారం ఆ అమ్మాయిని ఉండనివ్వండి. ఉన్న మెషీన్ మీదే నడిపిస్తాం."

ఎలా నడిపిస్తామో నాకు తెలియదు. నోట్లోంచి వచ్చేసింది. ఆయన బల్ల మీదున్న ఉత్తరాన్ని సొరుగులో పెట్టారు. "ఆదివారం సాయంత్రం దాకా. తేడా వస్తే ఇద్దరికీ ఇస్తాను. ఒక్క మాట, బెల్లు మాత్రం అన్నిచోట్లా తొమ్మిదికే. ఒకచోట ముందూ ఒకచోట వెనకా అయితే పేపరు ఫోన్లలో ఊరంతా తిరుగుతుంది."

బయటికొచ్చి ఆ అమ్మాయికి చెప్పాను. క్షమించమ్మా అని కూడా అన్నాను. ఆ పిల్ల కరిగిపోతుందనుకున్నాను. "సరేనండీ. కానీ బెల్లు మార్చకుండా, మెషీన్ మార్చకుండా ఎట్టా చేస్తాం?" అంది. మంగళవారమంతా ఇద్దరం తలలు పట్టుకున్నాం.

బుధవారం పొద్దున క్యాంటీన్‌లో ఇడ్లీ తింటూ మేం అదే వాదులాట. పక్క బల్ల దగ్గర మాస్టారు టిఫిన్ చేస్తున్నారు. పరీక్షల విభాగం ఆయనదే. అంతకుముందు సర్కారు కాలేజీలో పనిచేసి, ఎన్నో ఏళ్లు ఇంటర్ పరీక్షలు నడిపించిన మనిషి. కంప్యూటర్లంటే ఆయనకి చిరాకు. మా గోల భరించలేక ఇటు తిరిగారు.

"ఏంటండీ మీ గొడవ? తొమ్మిదింటికి బెల్లు కొట్టాక మీ మెషీన్ పేపరు తయారుచేసి పంపిస్తదా?"

"అవును మాస్టారూ."

"మతి ఉందా మీకు? ఇంటర్ పరీక్షలకి పేపర్లు ఎప్పుడొస్తాయనుకున్నారు? బెల్లు కొట్టాక లారీ బయల్దేరుద్దా? ముందే వచ్చేస్తాయి. సీలేసిన కట్టలు పోలీస్ స్టేషన్‌లో పెడతారు. పొద్దున్నే వెళ్లి తెచ్చుకుంటాం. టైమవగానే సీలు చింపటమే. తొమ్మిదింటికి చెయ్యాల్సిన పని సీలు చింపటం ఒక్కటేనండీ!"

ఆ అమ్మాయి చేతిలో ఇడ్లీ ముక్క చట్నీలోనే ఆగిపోయింది. నా వైపు చూసింది. నేను మాస్టారి వైపు చూశాను. మాకు అంతగా నచ్చిన మాట తానేమన్నారో తెలియక ఆయన మా ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. చెయ్యి కూడా కడుక్కోకుండా ఆ పిల్ల మెట్లెక్కి పరుగెత్తింది.

తర్వాత మూడు రోజులు ఆమె కుర్చీ దిగలేదు. నేను బస్సు దిగలేదు. ఉపాయం చెప్పడానికి చాలా తేలిక. పిల్లలందరి పేపర్లూ ముందే తయారుచేసి, తాళం వేసిన కట్టలుగా శనివారమే బ్రాంచీల కంప్యూటర్లలోకి దించేస్తాం. ఆదివారం తొమ్మిదింటికి సర్వరు పంపేది తాళంచెవి ఒక్కటే. అది నాలుగు ముక్కల చిన్న సందేశం. జవాబులు కూడా చివర్లో ఒక్కసారిగా కాకుండా, పిల్లలు గుర్తుపెడుతుండగానే కొద్దికొద్దిగా వెళ్లిపోతాయి. పేపర్ల పనికి హడావుడి లేకపోయేసరికి ఆ బక్క మెషీన్ శుక్రవారమంతా కూర్చుని తీరిగ్గా తయారుచేసింది.

నేను ఊరూరా తిరిగి ఇన్‌ఛార్జిలకి నచ్చజెప్పాను. హనుమాన్ జంక్షన్ ఆయన మాత్రం ఒప్పుకోలేదు. "పేపరు ముందురోజే ఇక్కడికొస్తే లీకవదా సార్?" అన్నాడు. నమూనాగా ఒక కట్టని అక్కడే దించి ఆయన చేతే తెరిపించాను. అర్థంలేని అక్షరాలు తప్ప ఏమీ కనిపించలేదు. కళ్లజోడు తీసి, తుడుచుకుని మళ్లీ చూసి, "మీరే చదువుకోండి ఇది," అని నవ్వేశాడు.

శనివారం నాలుగింటి నుంచి కట్టలు దించుకోమని చెప్పాం. ఎప్పుడైనా దించుకోవచ్చు, ఒకేసారి అక్కర్లేదని మరీ మరీ చెప్పాను. ఎవరు వింటారు? అన్ని బ్రాంచీల్లోనూ నాలుగింటికి బెల్లు కొట్టి, "స్టార్ట్" అని కేకేసి, అందరూ కలిసి నొక్కారు. స్క్రీన్ వైపు చూశాను. నేలకి అంటుకుని పడుకున్న నా గీత లేచి నిలబడింది. అన్ని ఊళ్ల లైన్లూ ఎంత లాగగలవో అంత లాగుతున్నాయి, పోర్టు ఎవరికీ అడ్డు చెప్పలేదు. ఫిజిక్సు బొమ్మలతో సహా కట్టలన్నీ గబగబా వెళ్లిపోతున్నాయి. ప్రాసెసర్ మాత్రం నింపాదిగా ఉంది. తయారైన సరుకు అందివ్వడమే కదా, దానికి ఆలోచించే పని లేదు.

"చూశారా సార్, మీ పోర్టు ఇవాళ పుట్టింది," అంది ఆ అమ్మాయి. వారం రోజుల్లో ఆమె నవ్వడం అదే మొదటిసారి. ఒట్టు, నాకు కళ్లు చెమర్చాయి. పది గిగాబిట్లలో పావు వంతైనా వాడలేదనుకోండి, అయినా సరే.

పోర్టు వేగం ముఖ్యమా అని అడిగే పిల్లలకి నేనిప్పుడు చెప్పేది ఇదే. ముందు మెషీన్ చేత ఏం పని చేయిస్తారో చెప్పండి. ఉన్నది తీసి ఇవ్వడమే అయితే బక్క మెషీన్‌కైనా పెద్ద గుమ్మం అక్కరకొస్తుంది. లెక్కలు కట్టి, వండి వడ్డించాలంటే ఎంత పెద్ద గుమ్మమైనా ఖాళీగా పడుంటుంది. ఇది తెలుసుకోవడానికి నాకు ముప్పై ఏళ్ల సర్వీసూ ఒక ఆదివారమూ పట్టాయి.

ఆదివారం మళ్లీ అదే బల్ల, అదే నలుగురం, అదే స్పీకరు ఫోను. తొమ్మిదయింది, బెల్లు వినిపించింది. తాళంచెవులు వెళ్లాయి. నేను ఈసారి నా స్క్రీన్ చూడలేదు, ఆ అమ్మాయి స్క్రీన్ చూశాను. ప్రాసెసర్ గీత సగం దాకా ఎగబాకి, కాసేపు ఆగి, మెల్లగా దిగింది. ఫోనులో చప్పుడు లేదు. ఛైర్మన్ గారు ఉండబట్టలేక ముందుకు వంగారు.

"ఉయ్యూరూ, ఏమైంది? మాట్లాడరేం?"

"పిల్లలు రాస్తన్నారండీ," అన్నాడు ఉయ్యూరు ఇన్‌ఛార్జి రహస్యం చెబుతున్నట్టు. "గట్టిగా మాట్లాడకండి."

మాస్టారు పకపకా నవ్వారు. పన్నెండింటికి ముగింపు బెల్లు కొట్టారు. జవాబులు చాలామటుకు అప్పటికే వచ్చేసి ఉన్నాయి కాబట్టి మెషీన్ ఉలకలేదు, పలకలేదు. ఒక్కో బ్రాంచీ నుంచీ అందరి జవాబులూ అందాయో లేదో చూసి, "వచ్చేశాయి, వచ్చేశాయి" అంటూ ఆ అమ్మాయి చివరిదాకా సరిచూసింది. ఒక్క పిల్లవాడిది కూడా తప్పిపోలేదు. నేను కుర్చీలోంచి లేచి చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాను.

ఛైర్మన్ గారు ఫోను దగ్గరికి జరిగి అందరికీ వినపడేలా అన్నారు: "అందరికీ ధన్యవాదాలు. మన లైను సార్, పెద్దాయన, మనల్ని గట్టెక్కించారు."

ఫోనులో చప్పట్లు మోగాయి. ఆ అమ్మాయి కళ్లు దించుకుని వైర్లు సర్దుకుంటోంది. నాకు ఆ చప్పట్లు వినబుద్ధి కాలేదు. నిజం చెప్పాలంటే ఒక్క క్షణం వినబుద్ధయింది, ఆ తర్వాత కాలేదు. ఫోను నా వైపు లాక్కున్నాను.

"ఒక్క నిమిషం అందరూ వినండి. పోయిన ఆదివారం ఇదే ఫోనులో లోపం ప్రోగ్రాంలో ఉందన్నాను. అది అబద్ధం. ప్రోగ్రాంలో ఏ లోపం లేదు. ఆ మెషీన్ వద్దని ఈ అమ్మాయి ముందే చెప్పింది, నేనే పట్టుబట్టి అద్దెకి తీసుకునేలా చేశాను. ఇవాళ నడిచింది కూడా ఈ అమ్మాయి కష్టం వల్ల, మాస్టారి మాట వల్ల. నేను చేసింది బస్సుల్లో తిరగడం."

ఛైర్మన్ గారు సొరుగు తెరిచి, ఆ ఉత్తరం తీసి, నాలుగు మడతలు పెట్టి చింపేశారు. ఆ చప్పుడు ఫోనులో కూడా వినిపించి ఉంటుంది. హనుమాన్ జంక్షన్ ఆయన ఫోనులో అడిగాడు.

"అయితే వచ్చే ఆదివారం ఏదైనా తేడా వస్తే మేమెవరికి ఫోన్ చెయ్యాలండీ? లైను సార్‌కా?"

నేను ఫోను ఆ అమ్మాయి ముందుకి జరిపాను. ఆమె ఛైర్మన్ గారి వైపు చూసింది. ఆయన తలూపారు.

"నాకు చెయ్యండి సార్," అంది. "వచ్చే ఆదివారం కూడా నేనిక్కడే ఉంటాను."